ఆ ముద్ద ఆమెనే కలుపుకోనివ్వండి

(రోగి సహాయకుల శిక్షణలో కొత్తగా చేరుతున్న యువతీయువకులకు, వెంట వచ్చిన వారి తల్లిదండ్రులకు హనుమకొండలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరుసంతా ఖాళీగానే ఉంది. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? అడుగుతాను. వెనక కూర్చున్నా అడుగుతాను. రండమ్మా, కూర్చోండి.

నేను ముప్పైనాలుగేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. జనరల్ వార్డు, ఎముకల వార్డు, చివరి ఏళ్లు ఐసీయూ. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుందామనుకున్నాను, కూర్చోనివ్వలేదు. వీధిలో ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డా మా ఇంటి తలుపే తడతారు. అలా తట్టి తట్టి చివరికి ఇదిగో, మీ ముందు నిలబెట్టారు.

ముందు తల్లిదండ్రులతో మాట్లాడతాను. అమ్మా, మీ అమ్మాయి ఏ చదువులో చేరిందని పక్కింటివాళ్లు అడిగితే ఏం చెప్పారు? నర్సింగ్ అని చెప్పారు కదా? నవ్వుతున్నారంటే చెప్పారనే అర్థం. తప్పేమీ లేదు, కానీ ఇది నర్సింగ్ కాదు. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదవాలంటే మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్‌కు నాలుగేళ్లు. ఇది నెలల చదువు. సర్టిఫికెట్ మీద జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ఉంటుంది, పొట్టిగా జీడీఏ అంటారు. ఇళ్లకు వెళ్లి చూసుకునేవారైతే హోమ్ హెల్త్ ఎయిడ్. కెనడాలో ఒంటారియో రాష్ట్రానికి వెళితే ఇదే పని చేసేవారిని పర్సనల్ సపోర్ట్ వర్కర్ అంటారు. మన ఆసుపత్రుల్లోనేమో ఆయా అంటారు, వార్డు బాయ్ అంటారు. ఇళ్లలో కేర్‌టేకర్. చాలా ఇళ్లలో ఆ పేరు కూడా ఉండదు, 'ఆ పిల్ల' అంటారు. 'ఆ పిల్ల వచ్చిందా? ఆ పిల్ల ఇంకా రాలేదా?' అంతే.

పేర్లు ఇన్ని ఉన్నాయి గానీ పని ఒకటే. పొద్దున లేచిన దగ్గర నుంచి మనం ఏమేం చేస్తామో ఒకసారి అనుకోండి. మంచం దిగుతాం. మరుగుదొడ్డికి వెళతాం, అదీ ఆపుకుని వెళ్లగలుగుతాం. స్నానం చేస్తాం. బట్టలు కట్టుకుంటాం. తింటాం. వీటిలో ఒక్కటి ఆగిపోయినా మనిషి ఇంకొకరి మీద ఆధారపడాలి. ఆ ఇంకొకరు మీరు. మందులు డాక్టరు రాస్తారు, ఇంజెక్షను నర్సు వేస్తుంది. ఆ రెండూ కలిపి రోజుకు ఎంతసేపు? పది నిమిషాలు, పోనీ ఇరవై. మిగిలిన ఇరవైమూడు గంటల చిల్లర ఎవరిది?

ఇప్పుడు ఒక తండ్రి మనసులో ఉన్న ప్రశ్న నేనే అడిగేస్తాను. 'మా పిల్ల ఇంకొకరి మలమూత్రాలు ఎత్తాలా?' అవును నాన్నా, ఎత్తాలి. దాచి చెప్పడం నాకు చేతకాదు. మీ ఇంట్లో చంటిపిల్లకు ఎత్తలేదా? మీ అమ్మకు ఎవరు ఎత్తారు? ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా ఎత్తితే ఎవరికీ తప్పుగా కనిపించలేదు. అదే పని నేర్చుకుని, చేతికి తొడుగు వేసుకుని, జీతం తీసుకుని చేస్తే చిన్నతనమైపోయిందా? నాకు మాత్రం ఇది ఎప్పుడూ అర్థం కాలేదు. ఈ పని కొన్ని కులాలవారిదే అనుకునే అలవాటు ఎక్కడో లోపల ఉంది కాబట్టే ఈ వెనకాడటం. ఆసుపత్రిలో అది చెల్లదు. అక్కడ బెడ్‌పాన్ ఎవరు దగ్గరుంటే వాళ్లే పట్టుకోవాలి, నేనూ పట్టుకున్నాను.

సరే, ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. నాకు గొప్ప తెచ్చే కథ కాదిది.

మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు. అప్పటికే నేను ఇరవై ఏళ్ల పైన సర్వీసు ఉన్న నర్సును. ఊరంతా ఏమనుకుంది? కోడలు నర్సు, ఇంకేం కావాలి అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. పొద్దునే లేపి పళ్లు తోమేదాన్ని. ఒళ్లు తుడిచేదాన్ని. చీర కష్టమని నైటీ వేసేదాన్ని. అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేదాన్ని. డ్యూటీ టైముకు పరుగెత్తాలి కదా, అన్నీ గబగబా నా చేతులతోనే. చుట్టాలు వచ్చి చూసి మెచ్చుకునేవారు. మూడు నెలలు అలా గడిచాయి.

ఫిజియోథెరపీ చేసే అబ్బాయి ఒకరోజు వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. అత్తగారి చేయి పట్టుకుని చూశాడు, వేళ్లు తెరిచి చూశాడు. 'సిస్టర్, ఈ వేళ్లలో కొంచెం కదలిక వచ్చింది, వచ్చి చాలా రోజులే అయినట్టుంది, వాడనివ్వడం లేదా?' అన్నాడు. నేను మాట్లాడలేదు. అప్పుడు మా అత్తగారు, మాట కూడా సరిగా రాదు ఆమెకు, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అంది: 'అన్నం... నువ్వే కలిపితే... నాకు చేయి... ఎందుకు?'

మూడు నెలల నుంచి ఆమె అది చెప్పాలని చూస్తోంది. నేను వినే తీరికలో లేను. నేను సేవ చేస్తున్నాను కదా!

మరునాటి నుంచి కంచం ఆమె ముందు పెట్టాను. జారకుండా కింద తడిగుడ్డ వేశాను. ఎడమచేత్తో మొదలుపెట్టింది, కుడిచేయి కంచం అంచును ఆనించి ఉంచేది. ఒక ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్లడానికి నిమిషం పట్టేది. సగం మంచం మీద పడేది. పప్పన్నం తినడానికి ముప్పావు గంట! పక్కన కూర్చుని చూడటం ఎంత కష్టమో తెలుసా? చేయి ముందుకు పోతుంది, లాగేసుకుని పెట్టేద్దామనిపిస్తుంది. నా చేతులు నా ఒడిలో పెట్టుకుని కూర్చోవడం నేను అప్పుడు నేర్చుకున్నాను, ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత.

అందుకే చెబుతున్నాను. ఈ నెలల్లో మీకు చాలా నేర్పుతారు. ఎలా ఎత్తాలి, ఎలా తుడవాలి, ఎలా తినిపించాలి. వీటన్నిటి కింద ఉన్నది ఒక్కటే లెక్క. ఈ మనిషి ఎంతవరకు తాను చేసుకోగలడు, నేను ఎక్కడ అందుకోవాలి? ఆ గీత రోజూ కదులుతుంది. నిన్న చేసుకున్నది ఇవాళ చేసుకోలేకపోవచ్చు. నిన్న చేతకానిది ఇవాళ చేతనవచ్చు. అది రోజూ కొత్తగా చూడాలి.

ఒక చిన్న పని చేసి చూపిస్తాను. బాబూ, నీలం చొక్కా, ఇటు రా. ఏ ఊరు? పరకాలా? కూర్చో. నీ కుడి చేయి పడిపోయింది అనుకో. ఊరికే వేలాడెయ్యి, సాయం చేయకు. ఇప్పుడు నీకు చొక్కా తొడగాలి. ఏ చేయి ముందు? చెప్పండి. అటువైపు ఎడమ అంటున్నారు, ఇటువైపు కుడి అంటున్నారు. బాగున్న చేయి ముందు తొడిగి చూద్దాం. తొడిగాను. ఇప్పుడు పడిపోయిన చేతిని వెనక్కి తిప్పి దూర్చాలి. చూడండి, వెనక్కి తిప్పుతుంటే ఇతని ముఖం ఎలా పెట్టాడో. నటిస్తున్నాడు గానీ నిజంగా పక్షవాతం ఉన్నవారికి ఆ భుజం కీలు వదులై ఉంటుంది. లాగితే జారుతుంది. ఇప్పుడు తిరగేద్దాం. పడిపోయిన చేయి ముందు, బాగున్న చేయి తర్వాత. ఆ రెండో చేతిని నేను తాకనవసరం లేదు, అతనే దూర్చుకుంటాడు. గుండీలు? ఒక చేత్తో పెట్టుకోగలవా? ప్రయత్నించు. మేమంతా ఆగుతాం.

... పెట్టుకున్నాడు. రెండు గుండీలు పెట్టుకున్నాడు. విప్పేటప్పుడు దీనికి ఎదురు, బాగున్న చేయి ముందు విప్పాలి, పడిపోయినది ఆఖరున. ఇది మీ పుస్తకంలో రెండు వాక్యాలు. ఇతనికి మాత్రం ఇప్పుడు పుస్తకం అక్కర్లేదు. వెళ్లి కూర్చో బాబూ.

ఎత్తడం గురించి చెప్పాలి. ఈ పనిలో మొదట పోయేది నడుమే. మా ఎముకల వార్డులో తుంటి విరిగిన ఒకామె ఉండేది. భర్త ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన భార్యను మంచం మీద పైకి జరిపే తీరు చూసి నేను ఆగిపోయాను. కాళ్లు ఎడంగా పెట్టేవాడు, మోకాళ్లు వంచేవాడు, నడుము వంచేవాడు కాదు, ఆమెను తన ఒంటికి దగ్గరగా తెచ్చుకునేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, 'మిర్చి బస్తా దూరంగా పట్టుకుని ఎత్తితే రెండో రోజు లేవలేం మేడమ్' అన్నాడు. మాకు కాలేజీలో బొమ్మలు వేసి చెప్పింది అదే. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, తిరగాలంటే నడుము తిప్పకూడదు, పాదాలు తిప్పాలి.

ఒక తేడా ఉంది. బస్తాకు చెప్పనక్కర్లేదు, మనిషికి చెప్పాలి. 'ఇప్పుడు లేపుతున్నాను, ఒకటి, రెండు, మూడు అంటాను, మూడు అన్నప్పుడు మీరు కూడా కాలితో నెట్టండి.' ఇలా చెబితే ఆయన సగం బరువు ఆయనే మోస్తాడు. చెప్పకుండా ఎత్తితే ఉలిక్కిపడి బిగుసుకుపోతాడు, మీ మెడ పట్టుకుంటాడు. మెడ పట్టుకోనివ్వకండి, ఇద్దరూ పడతారు. మంచం నుంచి కుర్చీకి మార్చేటప్పుడు కుర్చీని బాగున్న వైపు పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేశారో లేదో రెండుసార్లు చూసుకోవాలి. పడుకున్నవారిని లేపగానే నిలబెట్టకూడదు. మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడనిచ్చి ఒక నిమిషం ఆగాలి. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి కింద పడ్డ ముసలివాళ్లు ఎంతమందో. తుంటి విరిగి మా వార్డుకు వచ్చినవాళ్లలో చాలామంది రాత్రిపూట బాత్రూముకు లేచి పడ్డవాళ్లే.

ఇక పుండ్లు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి. కదలలేని మనిషిని ఒకే భంగిమలో వదిలేస్తే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది, రక్తం అందదు, చచ్చిపోతుంది. నడుము కింద, మడమలు, తుంటి పక్కలు, మోచేతులు, తల వెనక భాగం. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలని నేర్పుతారు. కుర్చీలో కూర్చోబెట్టినా బరువు మార్చాలి, అది ఇంకా తొందర తొందరగా, పావుగంటకో అరగంటకో. కుర్చీలో ఉన్నారు కదా బాగున్నారు అనుకుంటాం.

మేము చదువుకున్న రోజుల్లో స్పిరిట్ వేసి వీపు బాగా రుద్ది పౌడరు చల్లేవాళ్లం. ఎంత గట్టిగా రుద్దితే అంత మంచి నర్సు! ఇప్పుడు అలా చేయవద్దంటున్నారు, ఎముక మీద కమిలిన చోట రుద్దితే లోపలి కణజాలం ఇంకా చెడుతుంది. కింద వేసే గుండ్రటి రింగు దిండ్లు కూడా మంచివి కావని తేలింది, ఆ రింగు అంచు దగ్గరే ఒత్తిడి పడుతుంది. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లు, ఆఖరికి నాలాంటి పాతకాలపు నర్సులు చెప్పినా సరే, రుద్దకండి.

ఇంకొకటి, పుస్తకాల్లో అంతగా కనిపించనిది. పుండు మొదలయ్యేముందు చర్మం ఎర్రబడుతుందని రాస్తారు. ఎవరి చర్మం? తెల్లవాళ్ల చర్మం. మన ఒంటి మీద ఆ ఎరుపు కనిపిస్తుందా? మన దగ్గర అది ఊదారంగుగా, చుట్టుపక్కల కంటే నల్లగా కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. అప్పుడేం చేయాలి? చేత్తో తాకాలి. పక్కనున్న చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా? అక్కడ నొప్పిగా ఉందని మనిషి చెబుతున్నాడా? స్నానం చేయించేటప్పుడు మీరు చేసేది ఒళ్లు తుడవడం ఒక్కటే కాదు, ఒళ్లంతా చదువుతున్నారు. డాక్టరు వారానికొకసారి చూసే వీపును మీరు రోజూ చూస్తారు.

ఆ స్నానమప్పుడు కూడా గుర్తుంచుకోండి, ఒక్కసారిగా బట్టలన్నీ తీసేయకండి. తుడిచే భాగం తెరిచి మిగతాది కప్పి ఉంచండి. తలుపు వేయండి. ముఖం తుడుచుకోగలిగితే తడిగుడ్డ ఆయన చేతికే ఇవ్వండి. కొందరు అంతా మీచేత చేయించుకుంటారు గానీ ఆ లోపలి భాగాలు మాత్రం నేనే కడుక్కుంటాననడానికి మొహమాటపడతారు. వాళ్లు అడిగేదాకా ఆగకండి, గుడ్డ అందించి, ముఖం అటు తిప్పి నిలబడండి.

తినిపించడం. నీళ్లు తేలిక, అన్నం బరువు అనుకుంటాం కదా? మింగడం పాడైనవారికి నీళ్లే ఎక్కువ ప్రమాదం. పలుచగా ఉంటాయి కాబట్టి జారి గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతాయి. అందుకే కొందరికి చిక్కగా ఇవ్వమంటారు, జావలాగా. పడుకోబెట్టి తినిపించకూడదు. లేపి కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచేలా చూసి, మీరు కూడా వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చుని పెట్టాలి. నిలబడి పెడితే వాళ్లు తల పైకెత్తుతారు, తల పైకెత్తితే దారి తప్పడం ఇంకా తేలిక. ముద్ద మింగాక బుగ్గలోపల మిగిలిందేమో చూడాలి, పక్షవాతం ఉన్నవైపు అలా ఉండిపోతుంది, వాళ్లకు తెలియదు. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. తిన్న తర్వాత గొంతు గురగురమంటూ నీళ్లు ఉన్నట్టు వినిపిస్తే దగ్గు లేకపోయినా సరే, ఆపి చెప్పండి.

ఎవరికి చెప్పాలి? నర్సుకు. ఎలా చెప్పాలి? 'బాగాలేదు సిస్టర్' అంటే నాకేం అర్థమవుతుంది? ఎప్పటి నుంచి, ఎంత, ఎలా మారింది. 'పొద్దున ఎనిమిదింటికి రెండు ఇడ్లీలకు ఒకటే తిన్నారు, నిన్న రెండూ తిన్నారు. యూరిన్ బ్యాగులో మధ్యాహ్నానికి 200 మిల్లీలీటర్లే ఉంది, రంగు ముదిరింది.' ఇలా చెప్పిన అమ్మాయిని నేను ఏ వార్డులోనైనా వెతికి పెట్టుకునేదాన్ని. ఆ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకు తగలకూడదు. రోగిని జరిపేటప్పుడు బ్యాగును ఒళ్లో పెట్టేస్తారు, చాలాసార్లు చూశాను.

మూతి ఒక పక్కకు పోయినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ఇంట్లోవాళ్లు పడుకోబెట్టి రేపు చూద్దామంటారు. చూడకూడదు. 108కు ఫోను చేయాలి, అది ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి రాసుకోవాలి. అది పక్షవాతమైతే, మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు, డాక్టరు మొదట అడిగేది ఆ టైమే. ఆ టైము తెలిసేది మీకే. షుగరు ఉన్నవారికి ఉన్నట్టుండి చెమటలు పోసి, తికమకగా మాట్లాడుతుంటే గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ వచ్చే అవకాశం ఉంది. స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, చుక్క కూడా.

చేతులు కడుక్కోవడం గురించి మీ టీచర్లు రోజూ చెబుతారు, నేను ఎక్కువ చెప్పను. సబ్బుతో నలభై నుంచి అరవై సెకన్లు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్లచేత చేతులు కడిగిస్తే బాలింతల చావులు తగ్గాయని చూపించాడు. తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పటికీ కొందరికి ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, నేను పేర్లు చెప్పను.

ఇప్పుడు మీ వైపు నుంచి మాట్లాడతాను. ఇంతసేపూ రోగి దగ్గర ఎక్కడ ఆగాలో చెప్పాను. మీ పనికి కూడా ఒక గీత ఉంటుంది. ఇళ్లలో ఏమంటారు? 'ఇన్సులినే కదా, నువ్వే వేసెయ్యి.' 'సెలైన్ అయిపోయింది, తీసెయ్యి.' 'బీపీ ఎక్కువుంది, ఇంకో మాత్ర ఇవ్వు.' అది మీ పని కాదు. చేతకాదని కాదు, చేస్తే రేపు ఏదైనా అయినప్పుడు ఆ ఇల్లు మొత్తం వేలు మీవైపే చూపిస్తుంది. 'నాకు అనుమతి లేదమ్మా, నర్సును పిలుద్దాం' అనండి. చెప్పడం అలవాటు చేసుకోండి, ఇక్కడే అద్దం ముందు చెప్పుకోండి. నవ్వకండి, నిజంగా చెబుతున్నాను.

ఇంటి పనికి కుదిరేముందు అడగాల్సినవి అడగండి. ఎన్ని గంటలు? భోజనం ఎవరిది? పడుకోవడానికి చోటు ఉందా, తలుపుకు గడియ ఉందా? వారానికి సెలవు ఉందా? రోగిని చూసుకోవడమేనా, ఇంటిల్లిపాదికీ వంట, గిన్నెలు కూడానా? ఏజెన్సీ ద్వారా వెళితే వాళ్లు ఎంత తీసుకుంటారు, మీ చేతికి ఎంత వస్తుంది? కాగితం మీద రాయించుకోండి. ఇరవైనాలుగు గంటల డ్యూటీ అనే మాట నాకు నచ్చదు. మనిషి ఇరవైనాలుగు గంటలు ఎలా పనిచేస్తాడు? నిద్రలేని చేయి రాత్రి రెండు గంటలకు పక్క మారుస్తుందా? మారుస్తున్నానని రాస్తుంది. తప్పదంటే రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఆ గంటల్లో రోగిని ఎవరు చూస్తారు అన్నది ముందే తేల్చుకోండి. వచ్చిన రోజే రోగి ఒంటి మీద బంగారం ఇంటివారి ముందు లెక్క చూసి తీయించి వాళ్లకే అప్పగించండి. చెవిదుద్దు పోయిన ఇంట్లో మొదట వెతికేది పనిమనిషి సంచినే, మీ సంచి కూడా అదే వరుసలో ఉంటుంది.

కోవిడ్ రెండో విడతలో ఏమైందో గుర్తుందా? మంచాలు ఉన్నాయి, మనుషులు లేరు. అప్పుడు 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం హడావుడిగా ఒక చిన్న కోర్సు పెట్టింది, ఆరు రకాల పనులకు దాదాపు లక్షమందికి శిక్షణ ఇస్తామన్నారు. అందులో ఇంటి దగ్గర చూసుకునే పని కూడా ఒకటి. అంటే ఈ పనికి చదువు కావాలని పైవాళ్లకు అప్పుడు తెలిసివచ్చింది. మంచిదే. 2011 లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవారు పదికోట్ల పైన ఉన్నారు. మన ఊళ్లలో చూడండి, నర్సంపేట వైపు వెళ్లినా, జనగామ వైపు వెళ్లినా, పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో, ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు. వారిలో ఒకరు పడితే రెండోవారు ఎత్తగలరా?

చివరిగా విదేశాల మాట. దీని కోసమే కొందరు వచ్చారు, నాకు తెలుసు. వెళ్లండి, వద్దనను. కానీ కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ ఏజెంట్లకు డబ్బు కట్టి మోసపోయిన కుటుంబాల గురించి మీకు నేను చెప్పాలా? మీ చుట్టాల్లోనే ఉంటారు. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి, ఆ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనిపించాలి. తీసుకోగలిగిన సర్వీసు చార్జీ రూ.30,000, దాని మీద జీఎస్టీ. మూడు లక్షలు, ఐదు లక్షలు అన్నవాడి దగ్గర కూర్చోకండి, టీ కూడా తాగకండి. మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, ముందు అక్కడ అడగండి.

ఇంకొకటి, ఇక్కడి సర్టిఫికెట్ చూపించగానే అక్కడ తలుపులు తెరుచుకోవు. జపాన్‌లో 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన నైపుణ్య వీసాలో ఈ పని ఉంది, వాళ్లు కైగో అంటారు. దానికి జపనీస్ భాషలో పరీక్ష, పని మీద పరీక్ష రెండూ పాసవ్వాలి. కెనడాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో శిక్షణ, ఒక్కో పేరు. ఎక్కడికి వెళ్లినా భాషే అసలు గేటు. ఎందుకంటే ఈ పనిలో సగం మాటే కదా. 'ఇప్పుడు లేపుతున్నాను' అని చెప్పలేకపోతే ఆ ముసలమ్మ అక్కడా బిగుసుకుపోతుంది, హనుమకొండలో లాగే.

అటువైపు నుంచి చేయి ఎత్తారు, చెప్పమ్మా. 'మీ అత్తగారు తర్వాత చేత్తో తిన్నారా?' అని అడుగుతోంది. మంచి ప్రశ్న. కుడిచేత్తో పూర్తిగా ఎప్పుడూ తినలేదు. ఎడమచేత్తో కలుపుకునేది, కుడిచేత్తో గ్లాసు పట్టుకునేది, రెండేళ్ల తర్వాత పోయేదాకా. మొదట్లో ఎడమచేత్తో తినడానికి చుట్టాల ముందు సిగ్గుపడేది, అందుకని వాళ్లు వచ్చినప్పుడు మేమిద్దరం వేరే గదిలో తినేవాళ్లం. సర్వపిండి అయితే మాత్రం ఎవరున్నా పట్టించుకునేది కాదు, విరిచి తినడమే కదా, తనే విరుచుకునేది.

ఇంక ఆపుతాను, వెనక టీ చల్లారుతోంది. రేపు ఉదయం తొమ్మిదిన్నరకు మొదలు. గోళ్లు పూర్తిగా కత్తిరించుకుని రండి, నెయిల్ పాలిష్ ఉంటే తుడుచుకుని రండి. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టండి, రోగి చర్మం గీసుకుపోతుంది. జుట్టు ముడి వేసుకోండి. ఒక చెంచా, ఒక తువ్వాలు, చిన్న డబ్బాలో పెరుగన్నం తెచ్చుకోండి. రేపు మొదటి గంట పాఠం ఉండదు. ఇద్దరిద్దరు జతగా కూర్చుంటారు, ఒకరి కళ్లకు గంతలు, ఇంకొకరు తినిపిస్తారు, ఆ తర్వాత మారతారు. మగపిల్లలు కూడా. తల్లిదండ్రులు ఉండాలనుకుంటే ఉండవచ్చు, కానీ వాళ్లూ డబ్బా తెచ్చుకోవాలి.